చంటిపిల్లలతో డిస్నీ వరల్డ్: ఎత్తు, క్యూ, కునుకు

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఓ లెక్క తరచుగా వినిపిస్తుంది. పాపకు మూడేళ్లు నిండకముందే డిస్నీ వరల్డ్ చూపించేస్తే టికెట్ ఖర్చు తప్పుతుంది అని. లెక్క వరకు నిజమే. ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో దగ్గరున్న ఆ పార్కుల్లో మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల టికెట్, పదేళ్లు వస్తే పెద్దల టికెట్. పిల్లల టికెట్ అంటే సగం ధర అనుకునేరు, పెద్దల ధర కంటే కాస్త తక్కువ, అంతే. ఒక్క రోజుకు మనిషికి 100 డాలర్ల పైమాటే. క్రిస్మస్ లాంటి రోజుల్లో అది 200 దరిదాపులకు పోతుంది.

ఆ లెక్కలో ఒకటి మరిచిపోతుంటాం. టికెట్ లేని బిడ్డ వెంట టికెట్ కొన్న పెద్దవాళ్లు ఇద్దరో నలుగురో ఉంటారు. డబ్బు పెట్టాం కాబట్టి అన్నీ చూసి తీరాలన్న పట్టుదల వాళ్లది. బిడ్డ ఆకలి, నిద్ర, కాళ్ల నొప్పులు వాటి వేళకు అవి వచ్చేస్తాయి. సాయంత్రం నాలుగింటికి ఆ పార్కులో ఏడుస్తూ కనిపించే పిల్లల్లో చాలామంది ఈ రెండింటి మధ్య నలిగినవాళ్లే. పిల్లల రోజు బాగా గడవాలంటే టికెట్ మీద అచ్చు వెయ్యని మూడు సంగతులు తెలియాలి. రైడ్ దగ్గర కొలిచే ఎత్తు, క్యూ నడిచే తీరు, మధ్యాహ్నం కునుకు.

ముందు ఆ చోటు ఎంత పెద్దదో చెప్పుకోవాలి. 1971 అక్టోబరు 1న తెరిచిన డిస్నీ వరల్డ్ సుమారు 25,000 ఎకరాలు. అంటే దాదాపు 100 చదరపు కిలోమీటర్లు, విజయవాడ నగరపాలక సంస్థ పరిధి కంటే పెద్దది. అందులో నాలుగు పార్కులు వేరువేరుగా, ఒకదానికొకటి మైళ్ల దూరంలో ఉన్నాయి. మొదటిది మేజిక్ కింగ్‌డమ్. తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఒక పార్కుకు ఒక రోజు తక్కువే తప్ప ఎక్కువ కాదు. చంటిపిల్లలుంటే మేజిక్ కింగ్‌డమ్ ఒక్కటి చాలు, ఇంకో రోజు చేతిలో ఉంటే యానిమల్ కింగ్‌డమ్. అక్కడ తెరిచిన లారీ లాంటి బండిలో ఎక్కించి జిరాఫీలు, ఏనుగులు తిరిగే మైదానాల గుండా తిప్పుతారు. ఎత్తు నిబంధన లేదు, బిడ్డ ఒళ్లోనే కూర్చోవచ్చు. అదే పార్కులో ఆనందపూర్ అనే కల్పిత ఆసియా ఊరు, శిథిలమైన రాజమహల్ గోడల మధ్య పెద్దపులులు ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన నానమ్మలు, తాతయ్యలు కూడా అక్కడ హాయిగా ఊపిరి తీసుకుంటారు. మిగతా రెండు పార్కులూ పిల్లలు ఎదిగాక చూడొచ్చు.

ఇక ఎత్తు. వాల్ట్ డిస్నీ ఒక సంగతి చెబుతుండేవాడు. లాస్ ఏంజిలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో తన ఇద్దరు కూతుళ్లు రంగులరాట్నం తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చుని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలి కదా అనుకున్నాడట. 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్‌కు మూలం ఆ ఆలోచనే అంటారు. మేజిక్ కింగ్‌డమ్‌లో పాత రైడ్లు చాలావాటికి ఎత్తు నిబంధన లేకపోవడానికీ మూలం అక్కడే వెతకొచ్చు. పడవలో పాటల బొమ్మల మధ్య తిరిగే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’, ఎగిరే ఏనుగు డంబో, పీటర్ పాన్, జంగిల్ క్రూజ్, 1917లో తయారైన రంగులరాట్నం, ఇవన్నీ ఆరు నెలల బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూడా ఎక్కొచ్చు.

వేగంగా పోయే రైళ్ల సంగతి వేరు. ‘సెవెన్ డ్వార్ఫ్స్’ గని బండికి 38 అంగుళాలు ఉండాలి, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48. సెంటీమీటర్లలో చెబితే దాదాపు 97, 112, 122. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మూడేళ్ల బిడ్డ సగటున 95, 96 సెంటీమీటర్లు, నాలుగేళ్లకు 103, అయిదేళ్లకు 110 ఉంటారు. అంటే మూడు నిండిన కొత్తలో గని బండి దగ్గర పరిస్థితి అటో ఇటో, స్పేస్ మౌంటెన్‌కు అయిదు దాటాలి. బయల్దేరే ముందు ఇంట్లో గోడకు నిలబెట్టి, చెప్పుల్లేకుండా కొలిచి చూసుకుంటే అక్కడ గేటు దగ్గర గుండె పగిలే ఏడుపు తప్పుతుంది. కొందరు మందం మడమల బూట్లు తొడిగి దాటించేద్దామని చూస్తారు. ఇది తెలివి కాదు. ఎత్తు కొలిచేది ధైర్యానికో వయసుకో కాదు. ఒంటిని పట్టి ఉంచే బారు, బెల్టు ఏ కొలత ఒంటికి సరిగ్గా బిగుస్తాయో లెక్క కట్టి పెట్టిన గీత అది. హైదరాబాద్ శివారు రావిర్యాల వండర్‌లాలోనైతే టికెట్ ధరే వయసును బట్టి కాక ఎత్తును బట్టి ఉంటుంది.

ఎత్తు చాలని బిడ్డ ఉన్నప్పుడు అమ్మానాన్నలు వంతులేసుకునే ఏర్పాటు ఒకటుంది. దాన్ని రైడర్ స్విచ్ అంటారు. రైడ్ ముందు నిలబడ్డ ఉద్యోగికి చెబితే చాలు. ఒకరు బిడ్డతో బయట ఉంటారు, ఒకరు క్యూలో వెళ్లి ఎక్కి వస్తారు, ఆ తర్వాత రెండోవారు మళ్లీ మొదటినుంచి నిలబడకుండా దగ్గర దారిలో వెళ్తారు. దీనికి అదనపు రుసుం లేదు. తాతయ్య, అమ్మమ్మ వెంట ఉంటే ఈ ఏర్పాటుతో పనేముంది, వాళ్లు బిడ్డను చూసుకుంటారు అనుకోవడం సహజం. ఒకటి రెండుసార్లకు ఫర్వాలేదు. రోజంతా అలాగే చేస్తే మాత్రం, గుంటూరు నుంచి ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చిన పెద్దావిడ డిస్నీ వరల్డ్‌లో చూసింది స్ట్రోలర్ ఒక్కటే అవుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు పార్కులోనే చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుంది. మొహమాటపడకుండా పొద్దున్నే తీసుకోవడం మంచిది. ఆటిజం లాంటి కారణాల వల్ల క్యూలో నిలబడలేని పిల్లల కోసం ప్రత్యేక సౌకర్యం ఉంది. దానికి ప్రయాణానికి ముందే వీడియో కాల్‌లో మాట్లాడి నమోదు చేసుకోవాలి.

క్యూల సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే రోజులో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. చూడగానే పొడుగ్గా ఉన్న క్యూ ఎక్కువసేపు పట్టేదని, పొట్టిగా ఉన్నది తొందరగా అయిపోతుందని అనుకుంటాం. థీమ్ పార్కులో ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. క్యూ ఎంత పొడుగుందన్నది కాదు, రైడ్ గంటకు ఎంతమందిని మింగుతుందన్నది ముఖ్యం. డంబోనే తీసుకుందాం. రెండు చక్రాలు, ఒక్కోదానికి 16 ఏనుగులు, మొత్తం 32. ఏనుగుకు ఇద్దరు చొప్పున విడతకు 64 మంది. ఎక్కించడం, బెల్టులు చూడడం, తిప్పడం, దించడం అన్నీ కలిపి నాలుగు నిమిషాలు అనుకుంటే గంటకు 15 విడతలు, 960 మంది. మీ ముందు 500 మంది ఉంటే అరగంట. అదే స్మాల్ వరల్డ్‌లో పడవలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పడవకు 20 మంది, అర నిమిషానికో పడవ అనుకుంటే గంటకు 2,400 మంది. అక్కడ అదే 500 మందికి పన్నెండున్నర నిమిషాలు. ఈ నిమిషాలు లెక్క కోసం నేను అనుకున్నవే, కానీ తేడా ఎక్కడ పుడుతుందో తెలియడానికి ఇవి చాలు. ఆగి ఎక్కించుకునే రైడ్ క్యూ ఈడుస్తుంది. ఆగకుండా సాగే పడవ, గొలుసుకట్టు బండి క్యూను ముందుకు నడిపిస్తూనే ఉంటుంది. నడిచే క్యూలో పిల్లలు గోల చేయరు. నిలిచిపోయిన క్యూలోనే అంతా మొదలవుతుంది.

గంటకు ఎంతమందిని మింగుతుందన్న సూత్రం పీటర్ పాన్ రైడ్ వద్ద కళ్లకు కడుతుంది. 1971 నుంచి ఉన్న చిన్న రైడ్. ఓడలు చిన్నవి, ఒక్కోదాంట్లో పట్టేది ఇద్దరు ముగ్గురు. పిల్లలున్న ప్రతి ఇల్లూ దాన్నే ముందు అడుగుతుంది. రద్దీ రోజుల్లో నిరీక్షణ గంట దాటడం మామూలే, రైడ్ మాత్రం మూడు నిమిషాల్లోపే. అందుకే ఇలాంటివి గేటు తెరిచిన మొదటి గంటలో ముగించుకోవాలి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లను రోజూ అరగంట ముందే లోపలికి వదులుతారు. బయట దిగినవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. మేజిక్ కింగ్‌డమ్‌కు కారు తిన్నగా గేటు ముందుకు పోదు. చెరువుకు ఇవతలే ఆపి, మోనోరైలో పడవో ఎక్కి అవతలికి చేరాలి. తొమ్మిదింటికి పార్కు తెరుస్తారంటే ఎనిమిదింటికల్లా కారు దిగి ఉండాలి.

క్యూ బాధ తప్పించుకునే దారి డబ్బుతో కూడా ఉంది. 1999లో ఫాస్ట్‌పాస్ అని ఉచితంగా మొదలుపెట్టి, 2021 నుంచి దాని స్థానంలో డబ్బు తీసుకునే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు దాని పేరు లైట్నింగ్ లేన్. డిస్నీ హోటళ్లలో దిగేవాళ్లు వారం ముందు, తక్కినవాళ్లు మూడు రోజుల ముందు ఫోన్ యాప్‌లో రైడ్లకు వేళలు ఎంచుకోవచ్చు. మూడేళ్లలోపు బిడ్డకు అది కొనక్కర్లేదు. నా మటుకు, మేజిక్ కింగ్‌డమ్‌లో సెలవు రోజున మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుంటే ఆ డబ్బు దండగ కాదంటాను. ఉన్నది రెండేళ్ల బిడ్డే అయితే పెద్దవాళ్లకూ కొనను. ఆ వయసులో బిడ్డకు బాతు కనబడినా డంబో కనబడినా ఒకే ఆనందం, బాతులు ఉచితం.

నిరీక్షణ మీద హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన డేవిడ్ మైస్టర్ 1985లో ఒక వ్యాసం రాశాడు. ఊరికే నిలబడ్డ సమయం ఏదో చేస్తూ గడిపిన సమయం కంటే పొడుగ్గా అనిపిస్తుందని, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటే భారమని అందులో చెప్పాడు. పార్కువాళ్లు ఈ రెండూ ఒంటబట్టించుకున్నారు. ప్రతి రైడ్ ముందూ నిమిషాల బోర్డు ఉంటుంది, క్యూ పొడవునా చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది. 2012లో డంబోకు రెండో చక్రం చేర్చినప్పుడు ఇంకో అడుగు ముందుకేశారు. క్యూ మధ్యలో గుడారం కింద ఆట స్థలం పెట్టి, పెద్దల చేతికి పేజర్ ఇచ్చి, వంతు రాగానే పిలిచే ఏర్పాటు చేశారు. కానీ నిమిషాల బోర్డు పెద్దవాళ్లకే ఉపశమనం. మూడేళ్ల బిడ్డకు నలభై నిమిషాలంటే ఏమిటో తెలియదు. ఇంకా ఎంతసేపు అని అడిగితే గడియారం చూపించకుండా, ‘ఆ ఎర్ర దీపం దాటాక మన వంతు’ అని కంటికి కనబడే గుర్తు చెప్పాలి. ఆకలి వెయ్యకముందే చేతికి నాలుగు కారప్పూసలు అందించాలి. ఫోన్‌ను మాత్రం చివరి ఆయుధంగా దాచుకోవాలి, పొద్దున్నే ఇచ్చేస్తే మధ్యాహ్నానికి బ్యాటరీ అయిపోతుంది.

కునుకు విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా బేరాలాడుతుంటారు. ‘ఒక్కరోజుకేం కాదులే’ అంటారు. అవుతుంది. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పగటి ఎండ 32, 33 డిగ్రీలు, దాని మీద ఉక్కపోత. బెజవాడ ఎండలు చూసినవాళ్లం, మాకిదో లెక్కా అని పెద్దవాళ్లు నవ్వుతారు. కానీ బెజవాడలో మే నెల మిట్టమధ్యాహ్నం సిమెంటు నేల మీద పసిపిల్లను తిప్పే మనిషి ఎవరున్నారు? చిన్న ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, దాహమేస్తోందని చెప్పేపాటి మాటలు ఇంకా రావు. స్ట్రోలర్ మీద దుప్పటి కప్పితే నీడ వస్తుందనుకుంటాం, లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. పైగా ఆ నెలల్లో చాలా రోజులు మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన దిగుతుంది. దగ్గర్లో మెరుపులుంటే ఆరుబయట రైడ్లన్నీ ఆపేస్తారు.

ఇవన్నీ కలిపి చూస్తే దారి ఒకటే కనిపిస్తుంది. పొద్దున తెరిచే వేళకు లోపల ఉండి, పన్నెండున్నరకు బయటపడి, హోటల్లో పడుకోబెట్టి, అయిదింటికి తిరిగి రావడం. అదే రోజు అదే టికెట్ మీద మళ్లీ లోపలికి వదులుతారు. దగ్గర్లో దిగితే హోటల్‌కు ఎక్కువ పెట్టిన డబ్బు ఈ మధ్యాహ్నపు నిద్రలో రాబట్టుకోవచ్చు. ఆ వీలు లేనివాళ్లకు పార్కులోనే చల్లని మూలలు ఉన్నాయి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన ‘కరోసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’ ఇరవై నిమిషాల నాటకశాల, అందులో బొమ్మలు నటిస్తాయి. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు అదో విందు. ఒళ్లో బిడ్డ ఉన్నవాళ్లకు ఏసీ ఉన్న చీకటి గది. నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్లు ఉన్నాయి. పాలివ్వడానికి విడి గదులు, డైపర్ మార్చే బల్లలు, తిండి వెచ్చబెట్టే మైక్రోవేవ్ ఉంటాయి. డైపర్లు అయిపోతే అక్కడే అమ్ముతారు.

తిండి దగ్గర తెలుగువాళ్లకు ఓ శుభవార్త. మన దగ్గర చాలా పార్కుల్లో బయటి తిండిని గేటు దాటనివ్వరు. ఇక్కడ ఆ అడ్డు లేదు. గాజు సీసాలు, మద్యం వద్దంటారు తప్ప పులిహోర డబ్బా, పెరుగన్నం నిరభ్యంతరంగా తీసుకెళ్లొచ్చు. చల్లగా ఉంచడానికి విడి మంచుముక్కలు కాకుండా గడ్డకట్టించే జెల్ పొట్లాలు పెట్టుకోవాలి. కౌంటర్లలో అడిగితే మంచినీళ్లు కప్పుల్లో ఉచితంగా ఇస్తారు. కొత్త తిండికి ముఖం తిప్పుకునే పిల్లలకు ఆ పెరుగన్నమే రోజును నిలబెడుతుంది.

స్ట్రోలర్ గురించి ఒక మాట. ఇంటి దగ్గర నడిచే నాలుగైదేళ్ల పిల్లలకు కూడా ఇక్కడ అది కావాలి. అంత పెద్దపిల్లకు తోపుడుబండి ఏమిటని అమ్మమ్మ అంటే అననివ్వండి, మూడింటికి ఆవిడే ఒప్పుకుంటుంది. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 దాటకూడదు. లాక్కెళ్లే వ్యాగన్లను 2019 నుంచి రానివ్వడం లేదు. రైడ్ బయట స్ట్రోలర్ వదిలి వెళ్తే, తిరిగొచ్చేసరికి ఉద్యోగులు దాన్ని పక్కకు జరిపి ఉంటారు. వందల నల్ల స్ట్రోలర్ల మధ్య మీది దొరకాలంటే పట్టీకి పసుపు రంగు గుడ్డ కట్టండి.

ఎత్తు నిబంధన లేదంటే భయం లేదని కాదు. హాంటెడ్ మాన్షన్‌కు ఎత్తు అక్కర్లేదు, కానీ చీకటి, దయ్యాలు, అరుపులు ఉంటాయి. వెళ్లేముందు ఆ రైడ్ వీడియో యూట్యూబ్‌లో బిడ్డకు చూపిస్తే ఎక్కాలో వద్దో వాళ్ల ముఖమే చెప్పేస్తుంది. టీవీలో అరచేతిలో పట్టే మిక్కీ ఎదురుగా నాన్నంత ఎత్తున నిలబడితే కూడా కొందరు పిల్లలు హడలిపోతారు. ఫొటో కోసం ముందుకు తోయొద్దు. వరసలో ముందున్న పిల్లలు మిక్కీని హత్తుకోవడం నాలుగుసార్లు చూస్తే చాలామంది వాళ్లంతట వాళ్లే కదులుతారు. కదలకపోతే దూరం నుంచి చెయ్యి ఊపి వచ్చేయడమే.

ఎప్పుడు వెళ్లాలి? తెలుగు కుటుంబాలకు ఇక్కడో చిక్కుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అక్కాచెల్లెళ్ల పిల్లలు వచ్చేది వేసవి సెలవుల్లో. అప్పుడే ఫ్లోరిడాలో ఉక్క, అప్పుడే అమెరికా బడులకూ సెలవులు. బడి మొదలుకాని పిల్లలకు మాత్రం ఈ బంధం లేదు. జనవరి చివరి వారాలు, సెప్టెంబరులో లేబర్ డే సెలవు దాటాక వచ్చే మామూలు పనిదినాలు ఖాళీగా ఉంటాయి. సెప్టెంబరులో తుఫానుల భయం ఉంటుంది కాబట్టి రద్దు చేసుకోగల విమాన టికెట్లు కొనడం మేలు. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు తొమ్మిదిన్నర, పదిన్నర గంటల కాలం తేడాతో తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. వాళ్లకు మొదటి రెండు రోజులు హోటల్ ఈత కొలను చాలు. ఇక ఇంట్లో ఉన్నది ఒక్క మూడేళ్ల పిల్లే అయితే, దాదాపు ముప్పావు గంట దూరంలో వింటర్ హేవెన్‌లో 2022లో తెరిచిన పెప్పా పిగ్ పార్కు కూడా ఆలోచించదగ్గదే. చిన్నది, క్యూలు తక్కువ, అంతా ఆ వయసువాళ్ల కోసమే.

తప్పిపోయే భయం ప్రతి తల్లికీ ఉంటుంది. పార్కులోకి అడుగుపెట్టగానే ఆ రోజు బట్టల్లో బిడ్డ ఫొటో ఒకటి తీసుకోండి, ఫోన్ నంబరు మణికట్టు పట్టీ మీద రాయండి. ఛాతీ మీద పేరు బిళ్ల ఉన్నవాళ్లు పార్కు ఉద్యోగులని, దారి తప్పితే వాళ్ల దగ్గరకే వెళ్లాలని పిల్లలకు చూపించి చెప్పండి. మన జాతరల్లోలాగా మైకులో పిలవరు. తప్పిపోయిన పిల్లలను బేబీ కేర్ సెంటర్‌కు చేరుస్తారు, మీరు వెతకాల్సిందీ అక్కడే.

రాత్రి మేజిక్ కింగ్‌డమ్‌లోని కోట మీద బాణసంచా ఉంటుంది. మూడేళ్లలోపు బిడ్డ ఉంటే నా సలహా, దాన్ని వదిలేయండి. లేదంటే చెవులకు మఫ్‌లు పెట్టి, కోట ముందు కాకుండా మెయిన్ స్ట్రీట్ అనే వీధి చివర, గేటుకు దగ్గరగా నిలబడండి. అయిపోగానే వేలమంది ఒక్కసారిగా మోనోరైలు వైపు కదులుతారు. ఆ తోపులాటలో స్ట్రోలర్ తోసుకెళ్లడం కంటే అరగంట ఆగి, ఐస్‌క్రీమ్ తినిపించి కదలడం సుఖం. మోనోరైలు దగ్గర రద్దీ ఉంటే పక్కనే పడవ ఉంది, అది ఒక్క విడతలో వందల మందిని దాటిస్తుంది. పొద్దున కారు ఆపిన వరస పేరు, నంబరు ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోవడం మరిచిపోవద్దు. ఆ మైదానంలో వేల కార్లుంటాయి, అద్దె కార్లన్నీ ఒకేలా ఉంటాయి.